ఇల్లు ఈనాటిది, ధర 1991 నాటిది: బ్రిటన్‌లో కౌన్సిల్ ట్యాక్స్ బ్యాండ్‌ను సవాలు చేయడం లాభమా, నష్టమా?

మార్చి నెల వచ్చిందంటే బ్రిటన్‌లో ఇంటింటికీ ఒక కవరు వస్తుంది. లోపల ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాదికి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు ఉంటుంది. హైదరాబాద్, వరంగల్, గుంటూరు, విజయవాడ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలకు ఇంటి అద్దె లేదా హౌస్ లోన్ కంతు తర్వాత పెద్ద ఖర్చుల్లో ఇదొకటి. చాలామంది మొత్తం చూస్తారు, నిట్టూరుస్తారు, డైరెక్ట్ డెబిట్ పెట్టేస్తారు. బిల్లు పైభాగంలో ఉండే ఒక్క అక్షరాన్ని మాత్రం పట్టించుకోరు. 'ఏ' నుంచి 'హెచ్' వరకు ఉండే ఆ అక్షరమే ఇంటి బ్యాండ్. బిల్లు ఎంత అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది తప్పుగా పడి ఉంటే మార్చమని అడిగే హక్కు కట్టేవారికి ఉంది, దానికి ఫీజు కూడా లేదు. కానీ ఆలోచించకుండా అడిగితే బిల్లు పెరిగే ప్రమాదమూ ఉంది.

ఇంగ్లండ్‌లో 2025-26 సంవత్సరానికి 'డీ' బ్యాండ్ ఇంటి సగటు బిల్లు 2,280 పౌండ్లు. కౌన్సిళ్ల ఖజానాలు ఖాళీ అవుతున్న కొద్దీ ఈ భారం పెరుగుతోంది. మామూలుగా ఏడాదికి 5 శాతం లోపే పెంచాలి, అంతకు మించితే స్థానికంగా రిఫరెండం పెట్టాలి. అయితే దివాలా అంచుకు చేరిన కౌన్సిళ్లకు ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇస్తోంది. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే స్లౌలో 2023లో 9.99 శాతం పెంచారు. బర్మింగ్‌హామ్‌లో 2024లో 9.99 శాతం, ఆ మరుసటి ఏడాది మరో 7.49 శాతం పెంచారు. ఆ పెంపును ఆపడం ఒక కుటుంబం చేతిలో లేదు. బ్యాండ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం మాత్రం చేతిలో ఉన్న పనే.

ఈ లెక్క ఎక్కడ మొదలైంది?

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంటి విలువతో సంబంధం లేకుండా తలకింత అని పోల్ ట్యాక్స్ తెచ్చింది. స్కాట్లండ్‌లో 1989లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1990లో అది అమల్లోకి వచ్చింది. బంగళాలో ఉండే ఆసామి, గదిలో ఉండే కూలీ ఒకే పన్ను కట్టాలన్న ఆ పద్ధతిపై జనం తిరగబడ్డారు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో జరిగిన ప్రదర్శన అల్లర్లుగా మారింది. అదే ఏడాది నవంబర్‌లో థాచర్ పదవి వదులుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ పన్ను ఒకటి.

దాని స్థానంలో 1993 ఏప్రిల్ 1 నుంచి కౌన్సిల్ ట్యాక్స్ వచ్చింది. ఇందుకోసం దేశంలోని ఇళ్లన్నిటికీ తక్కువ సమయంలో విలువ కట్టాల్సి వచ్చింది. ప్రతి ఇంటి లోపలికి వెళ్లి చూసే తీరిక లేదు. ఎస్టేట్ ఏజెంట్లను కూడా పనిలోకి దించారు. వాళ్లు కారులో నెమ్మదిగా వీధి వెంట పోతూ బయటి నుంచే ఇంటికో అక్షరం రాసుకున్నారు. కారు రెండో గేర్‌లో నడుపుతూ చేసిన మదింపు కాబట్టి దానికి 'సెకండ్ గేర్ వాల్యుయేషన్' అన్న పేరు పడిపోయింది. అప్పుడు పడ్డ తప్పులు కొన్ని ఇళ్లను మూడు దశాబ్దాలు దాటినా వదల్లేదు.

అంతకంటే విచిత్రం ఏంటంటే, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరే ఆధారం. 2020లో కట్టిన ఫ్లాట్‌కైనా సరే, 'ఇది 1991లో ఉండి ఉంటే ఎంత పలికేది?' అని ఊహించి బ్యాండ్ ఇస్తారు. అప్పటి ధర 40 వేల పౌండ్ల లోపైతే 'ఏ', 52 వేల లోపైతే 'బీ', 68 వేల లోపైతే 'సీ', 88 వేల లోపైతే 'డీ'. ఆపైన లక్షా 20 వేల వరకు 'ఈ', లక్షా 60 వేల వరకు 'ఎఫ్', 3 లక్షల 20 వేల వరకు 'జీ', అది దాటితే 'హెచ్'. స్కాట్లండ్‌కు కూడా 1991 ధరలే ఆధారం గానీ అక్కడి హద్దులు వేరు. వేల్స్ మాత్రం 2003 ధరలకు మారి, 2005 నుంచి 'ఐ' అనే తొమ్మిదో బ్యాండ్‌ను కూడా చేర్చింది. ఉత్తర ఐర్లండ్‌లో ఈ పన్నే లేదు, అక్కడ పాత 'రేట్స్' పద్ధతి నడుస్తోంది.

ఒక్క మెట్టుకు ఎంత తేడా?

అన్నిటికీ కొలబద్ద 'డీ'. దాన్ని 9 భాగాలు అనుకుంటే 'ఏ' 6, 'బీ' 7, 'సీ' 8 భాగాలు కడుతుంది. పైన 'ఈ' 11, 'ఎఫ్' 13, 'జీ' 15, 'హెచ్' 18 భాగాలు. ఇది ఇంగ్లండ్ లెక్క.

సగటు బిల్లు 2,280 పౌండ్లనే తీసుకుని చూస్తే 'సీ' ఇంటికి సుమారు 2,027, 'ఈ' ఇంటికి సుమారు 2,787 పౌండ్లు పడుతుంది. అంటే 'డీ' నుంచి 'సీ'కి దిగితే ఏడాదికి దాదాపు 253 పౌండ్ల మిగులు. 'ఈ' నుంచి 'డీ'కి దిగితే అంతకు రెట్టింపు, దాదాపు 507 పౌండ్లు. బ్యాండ్ మొదటి నుంచీ తప్పని తేలితే, ఆ కుటుంబం ఆ ఇంట్లో పన్ను కడుతూ వచ్చిన కాలానికంతా ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఈ లెక్క 1993 దాకా కూడా వెళ్లగలదు. పదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఇది వేల పౌండ్ల మాట.

అయితే బ్యాండ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన పన్ను న్యాయంగా ఉన్నట్టు కాదు. 'ఏ' ఇంటి కంటే 'హెచ్' ఇల్లు మూడు రెట్లే ఎక్కువ కడుతుంది, విలువలో తేడా ముప్పై రెట్లున్నా అంతే. పైగా ఏ కౌన్సిల్ రేటు దానిదే. లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో రేట్లు దేశంలో అతి తక్కువగా ఉన్నవాటిలో ఉంటాయి. అక్కడ 'హెచ్' బ్యాండ్‌లో ఉన్న బకింగ్‌హామ్ ప్యాలెస్ బిల్లు సుమారు 2,000 పౌండ్లే. అంటే ఎక్కడో చిన్న పట్టణంలో మూడు పడక గదుల ఇంట్లో ఉండే నర్సు కుటుంబం రాజప్రాసాదం కంటే ఎక్కువ కట్టే పరిస్థితి ఉంది. ఈ విమర్శ ముదిరాకే ప్రభుత్వం 2025 నవంబర్ బడ్జెట్‌లో ఒక అడుగు వేసింది. ఇంగ్లండ్‌లో 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్ల యజమానులపై 2028 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,500 నుంచి 7,500 పౌండ్ల వరకు సర్‌చార్జి వేస్తామని ప్రకటించింది. మిగతా ఇళ్లకు మాత్రం 1991 ధరలే కొనసాగుతాయి. కొత్తగా విలువ కడితే ఓట్లు పోతాయన్న భయం అన్ని పార్టీలకూ ఉంది. కాబట్టి సామాన్య కుటుంబానికి మిగిలింది తన ఇంటి అక్షరాన్ని సరిచూసుకోవడమే.

ముందు పక్కింటి బ్యాండ్, తర్వాత పాత ధర

సవాలు చేసే ముందు రెండు పరీక్షలు చేసుకోవాలి. రెండూ నెగ్గితేనే ముందుకెళ్లాలి.

మొదటిది ఇరుగుపొరుగు పరీక్ష. ఇంగ్లండ్, వేల్స్‌లలో బ్యాండ్ నిర్ణయించేది కౌన్సిల్ కాదు, వాల్యుయేషన్ ఆఫీస్ ఏజెన్సీ. కౌన్సిల్ పని డబ్బు వసూలు చేయడం వరకే. చాలామంది కౌన్సిల్ ఆఫీసుకు ఫోన్ చేసి, వాళ్లు మాకు సంబంధం లేదంటే అక్కడితో వదిలేస్తారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ వీధిలోని ప్రతి ఇంటి బ్యాండ్ కనిపిస్తుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు. స్కాట్లండ్‌లో ఈ పని స్థానిక అసెసర్లది, వాళ్లకు వేరే వెబ్‌సైట్ ఉంది.

పోల్చేటప్పుడు ఒకే రకం ఇళ్లనే పోల్చాలి. సైజు, కట్టిన కాలం, రకం, వీధి కలవాలి. టెర్రస్ వరసలో మధ్య ఇంటికీ చివరి ఇంటికీ ధర తేడా ఉంటుంది. సెమీ డిటాచ్డ్ ఇంటిని విడి ఇంటితో పోలిస్తే కేసు నిలవదు. ఉదాహరణకు, ఒకే బిల్డర్ ఒకేసారి కట్టిన ఆరు సెమీ డిటాచ్డ్ ఇళ్లలో అయిదు 'సీ'లో ఉండి ఒక్కటే 'డీ'లో ఉంటే అనుమానించాల్సిందే. కానీ అయిదు 'డీ'లో ఉండి ఒక్కటి 'సీ'లో ఉంటే, తప్పు ఆ ఒక్క ఇంటిది అయ్యే అవకాశమే ఎక్కువ.

రెండోది ధర పరీక్ష. ఇల్లు అమ్ముడైన పాత ధర, తేదీ తెలిస్తే, ఇళ్ల ధరల సూచీతో దాన్ని 1991కి తగ్గించి చూడొచ్చు. ఇందుకు నేషన్‌వైడ్ బిల్డింగ్ సొసైటీ సూచీని ఎక్కువమంది వాడతారు. ఇక్కడ ప్రాంతం ముఖ్యం. 1991 నుంచి లండన్‌లో పెరిగినంతగా ఈశాన్య ఇంగ్లండ్‌లో పెరగలేదు. దేశ సగటుతో లెక్క కడితే తప్పు జవాబు వస్తుంది. ఈ లెక్క సొంతంగా అంచనా వేసుకోవడానికే తప్ప ఏజెన్సీ ముందు పెట్టే సాక్ష్యం కాదు. అసలు ధరలను సాక్ష్యంగా చూపాలంటే అవి 1989 ఏప్రిల్ 1 నుంచి 1993 మార్చి 31 మధ్య జరిగిన అమ్మకాలవై ఉండాలి.

వచ్చిన అంకె ఇప్పుడున్న బ్యాండ్ హద్దుకు బాగా కిందకు ఉంటే కేసు గట్టిదే. హద్దు దగ్గర ఊగిసలాడుతుంటే ఆలోచించాలి. పై బ్యాండ్‌లోకి పోతే ఆ కాగితాలు మూసేసి ఊరుకోవడమే మంచిది.

దారులు రెండు

ఇంటికి కొత్తగా పన్ను కట్టడం మొదలుపెట్టిన 6 నెలల లోపైతే 'ప్రపోజల్' పేరుతో అధికారికంగా సవాలు చేయొచ్చు. ఇంట్లో కొంత భాగం కూల్చినా, ఇంటిని ఫ్లాట్లుగా విడగొట్టినా, పక్కనే కొత్త రోడ్డు పడటం లాంటి మార్పు వచ్చినా ఈ దారి ఉంటుంది. ఏజెన్సీ కాదంటే 3 నెలల్లోపు వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అక్కడా ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు.

ఆ 6 నెలలు దాటిపోయినవాళ్లకు 'బ్యాండ్ రివ్యూ' అడిగే దారి ఉంది. దీనికి సాక్ష్యం బలంగా ఉండాలి. తక్కువ బ్యాండ్‌లో ఉన్న, తమ ఇంటిలాంటివే అయిన ఇళ్లను అయిదింటి వరకు చిరునామాలతో చూపించాలి. ఇక్కడ ఏజెన్సీ కాదంటే ట్రిబ్యునల్ మెట్లు ఎక్కే హక్కు ఉండదు. అందుకే కొత్త ఇంట్లోకి మారిన మొదటి నెలల్లోనే బ్యాండ్ చూసుకోవడం తెలివైన పని. సామాన్లు సర్దుకునే హడావిడిలో చాలామంది పోగొట్టుకునేది ఈ గడువునే.

ఏ దారిలో వెళ్లినా తీర్పు వచ్చేదాకా పాత బిల్లు కడుతూనే ఉండాలి. కేసు నడుస్తోంది కదా అని ఆపితే రిమైండర్ వస్తుంది. ఆ తర్వాత వాయిదాల్లో కట్టే హక్కు పోయి మొత్తం ఒకేసారి కట్టమంటారు. అప్పటికీ కట్టకపోతే మెజిస్ట్రేట్ కోర్టు నుంచి లయబిలిటీ ఆర్డర్, ఆపైన ఖర్చులు, ఇంటికి వసూలు మనుషులు.

'మీ బ్యాండ్ తగ్గిస్తాం, రీఫండ్‌లో మాకు వాటా ఇవ్వండి' అని ఫోన్ చేసే కంపెనీలూ ఉన్నాయి. ఫారం నింపి చిరునామాలు రాయడమే పని అయినప్పుడు రీఫండ్‌లో వాటా ఎందుకివ్వాలి? ఏజెన్సీ నుంచి మాట్లాడుతున్నాం అంటూ బ్యాంకు వివరాలు అడిగేవాళ్లు మోసగాళ్లే.

పొరుగువారికి తగిలే దెబ్బ

ఈ వ్యవహారంలో ఎక్కువమంది మర్చిపోయే సంగతి ఒకటుంది. ఏజెన్సీ ఒకసారి ఫైలు తెరిస్తే బ్యాండ్ తగ్గొచ్చు, అలాగే ఉండొచ్చు, పెరగనూ వచ్చు. అడిగినవాళ్ల ఇల్లే కాదు, ఉదాహరణగా చూపించిన పక్కింటి బ్యాండ్ కూడా పెరగొచ్చు. పక్కింటి పెద్దావిడ పెన్షన్ మీద బతుకుతూ ఉండొచ్చు. తన తప్పేమీ లేకుండానే ఆమె బిల్లు పెరిగితే ఆ వీధిలో మొహం చూపించడం కష్టమే. ముందే పొరుగువారితో కూర్చుని మాట్లాడుకుంటే రెండు లాభాలు. ఇంటి సైజు, లోపలి మార్పుల సంగతి సరిగ్గా తెలుస్తుంది. వీధి మొత్తం ఎక్కువ బ్యాండ్‌లో పడిందేమో కూడా బయటపడొచ్చు.

ఇల్లు కొనేవాళ్లు గమనించాల్సిన మెలిక మరొకటి ఉంది. యజమాని ఇంటిని పెంచి కట్టినా, పైకప్పు కింద గది వేసుకున్నా ఆయన ఉన్నంతకాలం ఆ కారణంగా బ్యాండ్ పెంచరు. ఇల్లు అమ్ముడవగానే ఫైలు తెరుస్తారు. అంటే ఎక్స్‌టెన్షన్ సుఖం పాత ఓనర్‌ది, పెరిగిన పన్ను కొత్త ఓనర్‌ది. ఉమ్మడి కుటుంబం కోసం పెంచి కట్టిన ఇంటిని వెతికి కొనే మనవాళ్లు, ప్రకటనలో కనిపించే బ్యాండ్‌ను నమ్మి బడ్జెట్ వేసుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు.

విద్యార్థులకు బ్యాండ్ కంటే ముఖ్యమైనవి

హైదరాబాద్‌లో ఇంటి పన్ను అంటే ప్లింత్ ఏరియాకు నెలసరి అద్దె విలువతో జీహెచ్ఎంసీ వేసే లెక్క. కట్టాల్సింది ఓనర్. బ్రిటన్‌లో మామూలుగా కట్టాల్సింది ఇంట్లో ఉండేవాళ్లు, అంటే కిరాయిదారులు. ఈ తేడా తెలియక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాక కంగారుపడే విద్యార్థులు ఎక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లంతా ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పన్ను పూర్తిగా మాఫీ. కానీ అది దానంతటదే రాదు. యూనివర్సిటీ ఇచ్చే పత్రంతో కౌన్సిల్‌కు దరఖాస్తు చేయాలి. విద్యార్థులతో పాటు ఉద్యోగం చేసే ఒక్కరే ఉంటే బిల్లులో 25 శాతం తగ్గుతుంది. విద్యార్థి భార్య లేదా భర్త బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా షరతుల వల్ల ఉద్యోగం చేయడానికి గానీ ప్రభుత్వ సహాయం తీసుకోవడానికి గానీ వీలు లేకపోతే వారినీ లెక్కలోకి తీసుకోరు. ఈ నిబంధన చాలా జంటలకు తెలియదు.

కోర్సు ముగిసిన రోజుతో మాఫీ కూడా ముగుస్తుంది. గ్రాడ్యుయేట్ వీసా చేతికొచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు, సరిగ్గా అప్పుడే బిల్లు తలుపు తడుతుంది. ఇంటి దగ్గర నాన్న తెచ్చిన అప్పు తీర్చాల్సిన సమయమూ అదే. గదుల వారీగా వేర్వేరు అగ్రిమెంట్లతో అద్దెకిచ్చే ఇళ్లలో మాత్రం బాధ్యత ఓనర్‌ది. అలాంటి ఇళ్లలో ఒక్కో గదికి వేరే బ్యాండ్ వేసే పద్ధతిని ఇంగ్లండ్‌లో 2023 డిసెంబర్ 1 నుంచి మార్చేశారు. ఇప్పుడు ఇల్లంతటికీ ఒకే బ్యాండ్. ఆ తేదీ తర్వాత కూడా గదికి విడిగా బిల్లు వస్తుంటే ప్రశ్నించాల్సిందే.

వీసా విషయంలో ఒక జాగ్రత్త. ఆదాయం తక్కువ అన్న కారణంతో ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ ప్రభుత్వ నిధుల కిందకు వస్తుంది. 'పబ్లిక్ ఫండ్స్ వాడకూడదు' అన్న షరతు వీసాలో ఉన్నవాళ్లు దానికి దరఖాస్తు చేస్తే తర్వాత చిక్కులు రావొచ్చు. ఒంటరిగా ఉండేవారి 25 శాతం తగ్గింపు, విద్యార్థి మాఫీ ఆ కోవలోకి రావు. బ్యాండ్ సవాలు కూడా సహాయం అడగడం కాదు, లెక్క సరిచేయమనడం. వీసాకు భయపడి దాన్ని వదులుకోనక్కర్లేదు. వైకల్యం ఉన్నవారి కోసం ఇంట్లో ప్రత్యేక గది లేదా చక్రాల కుర్చీ తిరిగే స్థలం ఉంటే, ఒక బ్యాండ్ తగ్గించినట్టుగా బిల్లు వేసే పథకమూ ఉంది. అది మాత్రం కౌన్సిల్‌నే అడగాలి.

తప్పు ఎవరిది, శ్రమ ఎవరిది?

మొత్తం చూస్తే ఈ పద్ధతిలో ఒక వంకర కనిపిస్తుంది. బ్యాండ్ వేసింది ప్రభుత్వం. కారులో పోతూ వేసింది కూడా వాళ్లే. కానీ ఆ తప్పును కనిపెట్టి, సాక్ష్యాలు పోగుచేసి, బిల్లు పెరిగే ప్రమాదం నెత్తిన పెట్టుకుని నిరూపించాల్సిన భారం మాత్రం పన్ను కట్టేవారి మీద పడింది. ఇంగ్లిష్ బాగా వచ్చి, ఫారాలు నింపే ఓపిక, ఇంటర్నెట్‌లో వెతికే తీరిక ఉన్నవాళ్లు తప్పు దిద్దించుకుంటారు. రెండు షిఫ్టులు చేసే కేర్ వర్కర్, టాక్సీ నడిపే మనిషి, భాష అంతంతమాత్రంగా వచ్చే పెద్దవాళ్లు తప్పుడు బిల్లే కడుతూ పోతారు. ప్రభుత్వం కొత్తగా విలువ కట్టేదాకా ఈ తేడా పోదు. వేల్స్ 2028లో మళ్లీ విలువ కడతానంటోంది. ఇంగ్లండ్ ఆ మాటే ఎత్తడం లేదు.

అందాకా తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడమే దారి. పోస్ట్‌కోడ్ కొట్టి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో అక్షరం సరైనదే అని తేలితే నిశ్చింత. తప్పని గట్టిగా అనిపిస్తే రెండో పరీక్ష చేసి, పొరుగువారితో ఒక మాట మాట్లాడి, గడువు చూసుకుని ఫారం పంపాలి. లెక్క తేలకపోతే మాత్రం ఆ ఫైలు తెరవకపోవడమే మేలు.